పెద్దావిడ లేకుండా కదలొద్దు

ఏప్రిల్ 6

అత్తా,

ముందుగా ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న కింద వాటా నర్సుగారికి ఒక మనవి. మా అత్త పక్కన ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టి, తర్వాత చదవండి.

మేం పడవ కొన్నాం.

చిన్నదే. వంగి నడవాల్సిన గది ఒకటి, పెద్ద తెరచాప ఒకటి, ముందు చిన్న చాప ఒకటి, అలిగితే ఆగిపోయే ఇంజిను ఒకటి. కొని మూడు వేసవులైంది. చెప్పే ధైర్యం ఇప్పటికి వచ్చింది. కంగారు పడకు, నీకిచ్చిన మాట తప్పలేదు. ఏడేళ్ళప్పుడు నేను మీ ఊళ్ళో రేవు గోడ మీంచి జారిపడితే జడ పట్టుకుని పైకి లాగి, నీళ్ళు కారుతుండగానే ఒట్టు వేయించుకున్నావు కదా, నిన్ను అడక్కుండా ఏ రేవు గోడా దాటనని. అందుకే ఈ మూడు వేసవులూ ఇక్కడి రేవు గోడకి లోపలే గానుగెద్దులా తిరుగుతున్నాం. రేవులో అందరూ నవ్వుతారు.

పడవ మా ఇద్దరికంటే వయసులో పెద్దది. పాత యజమాని దాన్ని ‘పెద్దావిడ’ అనేవాడు, మేమూ అలాగే పిలుస్తున్నాం. ‘ఇంట్లో ఒక పెద్దావిడ చాలలేదా, రేవులో ఇంకొకరా?’ అని మా అత్తగారు మూతి తిప్పింది.

ఈ వేసవిలో తీరం వెంబడే, రేవు నుంచి రేవుకి, పగటిపూట మాత్రమే నడుపుకుంటూ మీ ఊరిదాకా రావాలని ఉంది. ఇంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. నువ్వు సరేనంటేనే గోడ దాటుతాను. నీ మాట వచ్చేదాకా తాడు విప్పను.

నీ
మేనకోడలు

ఏప్రిల్ 15

పిల్లా,

నేను అన్నది అన్నట్టు రాయాలని, మధ్యలో మెత్తబరచకూడదని నర్సుకి ముందే చెప్పాను. కాబట్టి ఇందులో ఉన్న కారమంతా నాదే.

‘మేం పడవ కొన్నాం’ దాకా చదివింది. చాలు, ఆపమన్నాను. ఇంకా బోలెడుందండీ అంది. ఉండనీ అన్నాను. కాగితం లాక్కుని పరుపు కింద పెట్టాను. మిగతాది వినలేదు, వినను. పడవ కొన్నవాళ్ళు దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకోరు. ఎక్కడికి వెళ్తారో నాకు చదవక్కర్లేదు.

నా వాదన విను. హోటల్ లాండ్రీలో ముసలిదాన్నయ్యేదాకా పనిచేశాను. మేడ మీద తడి దుప్పట్లు ఆరేసిన చేతులివి. గాలి సంగతి నాకు చెప్పకు. ఒకసారి పెద్ద మంచం దుప్పటి తాడుతో సహా లేచిపోయి, ఎదుటి బ్యాంకు మెట్ల మీద మేనేజరు నెత్తిన పడింది. ఆయన లోపల నుంచి అరుస్తుంటే జనం బయట నుంచి పరిగెత్తారు. అలాంటి దుప్పటిని నువ్వు కర్రకి కట్టి, దాని కింద కూర్చుని సముద్రం మీదికి వెళ్తావా?

పైగా ఎవరితో? మీ ఆయనతో! లిఫ్టులు బాగుచేసే మనిషి. పైకీ కిందికీ తప్ప పక్కకి వెళ్ళడం ఆయనకేం తెలుసు? పెళ్ళిచూపుల రోజే అనుకున్నాను, ఈ అబ్బాయి మంచివాడు, కానీ చెప్పినదానికల్లా తలూపుతాడని. నువ్వు పడవ అన్నావు, ఆయన తలూపాడు. అంతేగా?

ఇంకో సంగతి. మీ అత్తగారు ఎలా ఉంది? నేను అడిగానని చెప్పకు. నా గొంతు వింటే లిఫ్టు కూడా అంతస్తుల మధ్య ఆగిపోతుందని మీ పెళ్ళిలో పదిమంది ముందు అన్న మనిషి. ఆనాటి నుంచీ మాకు మాటల్లేవు, ఉండవు కూడా. అయినా మీరిద్దరూ అలల మీద ఊరేగుతుంటే ఇంట్లో ఆవిడకి మంచినీళ్ళెవరిస్తారు? దీనికి జవాబు రాయి.

ఫోను చేయకు. చెవి మిషను ఫోను దగ్గర కూత పెడుతుంది. పైగా ఫోనులో నువ్వు నన్ను మాటల్లో పెడతావు. కాగితం మీద నన్ను మాటల్లో పెట్టేవాడు ఇంకా పుట్టలేదు.

ఒప్పుకోనని చెప్పడానికే రాయించిన
మీ అత్త (వేలిముద్ర)

ఏప్రిల్ 24

అత్తా,

ఆపించానన్నావు, నమ్మమంటావా? నా ప్రోగ్రెస్ కార్డు కూడా ‘చూడను పో’ అని విసిరికొట్టి, నేను పడుకున్నాక పక్కింటి కండక్టరు చేత చదివించుకునేదానివి. నా మొదటి ఉత్తరం కూడా ఈపాటికి రెండుసార్లు విని ఉంటావు. కాబట్టి అందులో ఉన్నది మళ్ళీ రాయను.

ఆయన తలూపలేదు. మొదట అడ్డం తిప్పాడు. ఆయన్ని ఒప్పించడానికి ఒక చలికాలం పట్టింది. ఇప్పుడు నాకంటే ఆయనకే ఆత్రం. నా కళ్ళద్దాల షాపు మూసేశాక, పరీక్ష గదిలో అక్షరాల బోర్డు తీసేసి అక్కడ తీరం పటం అంటిస్తాను. రాళ్ళెక్కడున్నాయి, లంగరు వేసే చోట్లెక్కడ, గాలి తిరిగితే ఏ రేవులోకి దూరాలి అని ఇద్దరం వేళ్ళు పెట్టి వెతుక్కుంటాం. ప్రతి రేవుకీ ముందు ఒక చోట ఎర్ర పెన్సిలుతో గీత గీశాం. అది ‘వెనక్కి తిరిగే గీత’. అక్కడికి చేరేసరికి గాలి మాట వినకపోతే ఇంకేం ఆలోచించకుండా వెనక్కి రావాలి. ఎవరు ముందు ‘తిరుగుదాం’ అంటే రెండోవాళ్ళు వాదించకూడదు. మా కాపురంలో ఇలాంటి రూలు ఇదే మొదటిది.

ఇక పెద్దావిడ సంగతి. చలికాలమంతా షెడ్డులోనే ఉంది. వయసైపోయింది కదా, అడుగున నీళ్ళు కారుతున్నాయి. ఒళ్ళంతా పాచి పట్టేసింది. ఆయన రోజూ డ్యూటీ దిగాక వెళ్ళి గీకి వస్తున్నాడు. మొన్న పక్కకి దొర్లించి చూస్తే పొట్ట కింద పగుళ్ళు కనిపించాయి, పూత పూశాం. బరువు ఎక్కువైందని ఆవిడ పాత సామానంతా తీసి పారేశాం. షెడ్డువాడు మాత్రం ఇంకో నెల ఉంచుకోనని పేచీ పెడుతున్నాడు. ఒక పూత రంగు పడితే ఆవిడ వయసు ఎవరూ పోల్చుకోలేరు.

నువ్వు ఒక్క మాట అనాలి అత్తా. అంతదాకా గోడకి లోపలే ఉంటాను.

నీ
గానుగెద్దు

మే 4

ఏమే,

నేను అడగబట్టి కదా ఈ సంగతి బయటపడింది!

చదువుతున్న నర్సు మధ్యలోనే కాగితం దించేసింది. వాళ్ళ ఆసుపత్రిలో ఎన్నో చూసిన మనిషి, ఆవిడే కుర్చీలో వెనక్కి వాలిపోయింది. పెద్దావిడని షెడ్డులో పెట్టారా? చలికాలమంతా? సొంత కొడుకు గీకుతున్నాడా? గీకడమేమిటే, మనిషన్నవాళ్ళు మెత్తటి గుడ్డ వేణ్ణీళ్ళలో ముంచి తుడవరా?

ఈ వయసులో నీళ్ళు కారడం మామూలేనట. నర్సు చెప్పింది. నవ్వాల్సిన సంగతీ కాదు, ఉత్తరంలో రాయాల్సిన సంగతీ కాదు. పొట్ట కింద పగుళ్ళు ఎందుకొచ్చాయో కూడా చెప్పింది. ఒకే పక్కన పడేసి ఉంచితే అలాగే వస్తాయి. పూటపూటకీ ఇటూ అటూ తిప్పాలి. కింద మెత్తగా ఏదైనా వేయాలి. పూత పూశారట పూత! అది గోడనుకున్నారా?

ఆవిడ నాకు గిట్టదు. ఆ సంగతి నీకూ తెలుసు, ఊరికీ తెలుసు. అయినా న్యాయం న్యాయమే. వయసైన దాన్ని అద్దె షెడ్డులో మూలకి నెట్టి, సామాను పారేసి, మీరు షికారు పోతారా? రేపు నన్నూ అంతేగా?

నా తీర్పు విను. పెద్దావిడ లేకుండా నువ్వు ఆ గోడ దాటడానికి వీల్లేదు. ముందు ఆవిడని షెడ్డులోంచి బయటికి తీసుకురా. శుభ్రంగా తయారు చెయ్యి. మర్యాదగా వెంటబెట్టుకుని వెళ్ళు. పెద్దావిడతో అయితే వెళ్ళు, ఎంత దూరమైనా వెళ్ళు. ఆవిడ లేకుండా అయితే కాలు కదపకు. ఇదే నా మాట. ఇందులో ఒక్క అక్షరం మార్చను.

మండిపోతూ
మీ అత్త (వేలిముద్ర, గట్టిగా నొక్కినది)

మే 13

మా బంగారు అత్తా,

‘పెద్దావిడతో అయితే వెళ్ళు, ఎంత దూరమైనా వెళ్ళు.’ ఈ ముక్క చదివి షాపులోనే అరిచాను. కళ్ళు పరీక్ష చేయించుకుంటున్న పెద్దాయన, తను చదివిన అక్షరం కరెక్టయిందనుకుని మురిసిపోయాడు.

ఆవిడ లేకుండా ఎలా వెళ్తాం అత్తా, ఈదుకుంటూనా? నువ్వు ఒప్పుకోవడమే గొప్ప. ఒప్పుకుంటూ కూడా ఇంత తిట్టడం నీకే చెల్లింది. ఆవిడ తరఫున నువ్వు వేళాకోళంగా వేసిన కేకలకి ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. కానీ తిప్పమన్న సలహా మాత్రం నిజంగా పనికొచ్చింది. ఒకే పక్కకి వాల్చి ఉంచడం వల్లే ఆ పక్క దెబ్బతిందని ఆయన ఒప్పుకున్నాడు. ‘మీ అత్తకి ఇవన్నీ ఎలా తెలుసు?’ అని ఒకటే ఆశ్చర్యం. ఇప్పుడు కింద పాత టైర్లు వేశాం, మెత్తగా ఉంటుంది.

ఈ ఆదివారం ఆవిడని క్రేనుకి కట్టి, ఎత్తి, నీళ్ళలోకి దింపుతున్నాం. పాత కీళ్ళు కదా, ఎత్తేటప్పుడు కిర్రుమంటాయేమోనని నా భయం. ఒక పగలంతా నీళ్ళలోనే నాననిస్తే సర్దుకుంటుందని షెడ్డువాడు అన్నాడు. ఆ తర్వాత బయలుదేరుతాం. ఇకమీదట ఉత్తరాలు మూడో రేవు ఆఫీసు అడ్రసుకి రాయించు. కింద ఇచ్చాను.

నీ మాట దొరికిన
మేనకోడలు

మే 20

పిల్లా,

ముందు జరిగింది చెప్తాను, తర్వాత తిడతాను.

క్రేను అన్న మాట దగ్గర నేను లేచి నిలబడ్డాను. నీళ్ళలో నానబెట్టడం అన్న మాట దగ్గర నర్సు లేచి నిలబడింది. ‘బామ్మగారూ, ఇది పోలీసు కేసు’ అంది. స్టేషనుకి పోతే ఉత్తరాలన్నీ చూపించమంటారని, పరుపు కింద నుంచి మొదటిది తీసింది. ఒకసారి పూర్తిగా చదువుతానండీ అంది. చదువు, ఇప్పుడు ఇక దాచుకునేదేముంది అన్నాను.

చదివింది. ‘పాత యజమాని దాన్ని పెద్దావిడ అనేవాడు’ దాకా వచ్చి ఆగింది. నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహం చూడలేదు. పమిట నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు. నవ్వి నవ్వి కుర్చీతో సహా గోడకి జారింది. రాయి, అది కూడా రాయి అన్నాను. ఇంకా నవ్వుతూనే రాస్తోంది, చూడు, ఈ వంకర అక్షరాలు అందుకే.

ఇప్పుడు తిడతాను. వినను అన్నానంటే వినలేదనే అర్థం! ప్రోగ్రెస్ కార్డు వేరు, పడవ వేరు. నేను మాట ఇచ్చింది మీ అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళమని. అసలు గుట్టు కూడా చెప్తాను. ఆ మనిషి చచ్చినా పడవ ఎక్కదని నా ధీమా. ఆవిడకి న్యాయమూ జరుగుతుంది, నీ ప్రయాణమూ ఆగుతుంది అనుకున్నాను. ఆ తెలివి తెల్లారినట్టే ఉంది. ఒక చెక్కకి ఒళ్ళు తుడవమని, పక్క మార్చమని, మర్యాద చేయమని కాగితం నిండా కొట్లాడాను. ఆ గయ్యాళి మనిషి కోసం నా నోరు నొప్పి పెట్టింది.

కాబట్టి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పొరపాటున పడిన సంతకం చెల్లదు. నువ్వు ఈపాటికి గోడ దాటేసి ఉంటావని తెలుసు. అది తెలిసినప్పటి నుంచీ నా కుడిచెయ్యి మళ్ళీ మూసుకుపోయింది. నీ జడ పట్టుకున్న చెయ్యి. నువ్వు ఎక్కడ తడబడ్డా అది పిడికిలి అయిపోతుంది. పొద్దున్న టీ కప్పు కూడా ఎడమచేత్తోనే పట్టుకున్నాను.

ఎక్కడున్నావో అక్కడే ఆగు.

అత్త (వేలిముద్ర)

మే 27, మూడో రేవు

అత్తా,

ఆగాను.

నీ ఉత్తరం రేవు ఆఫీసు కిటికీలో మా కంటే ముందు వచ్చి కూర్చుంది. అక్కడే బల్ల మీద కూర్చుని చదివాను. నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. నీ మాట లేకుండానే గోడ దాటానన్నమాట. పడవని రెండు తాళ్ళతో గట్టిగా కట్టేశాం. నువ్వు చెప్పేదాకా ఇక్కడే. సెలవు అయిపోతే బస్సెక్కి ఇంటికి పోతాం, పడవని తర్వాత లారీ మీద తెప్పించుకుంటాం. ఒట్టు.

దాచకుండా ఒక సంగతి చెప్పాలి. మొదటి రెండు రేవులూ సాఫీగా వచ్చాం. మూడోదానికి వస్తుండగా గాలి పెరిగింది. తెరచాపని సగానికి మడిచి కట్టాం. అయినా పడవ పక్కకి ఒరిగింది. లోపల కప్పులూ పటమూ నా సాక్సులూ అన్నీ కలిసి ఒక మూలకి చేరాయి. ఈ రేవు గోడ కళ్ళకి కనిపిస్తోంది అత్తా. ఇంకొంచెం ఓపిక పడితే చేరిపోతాం అనిపించింది. అంత దగ్గర. కానీ మేం గీసుకున్న గీత వచ్చేసింది. నేను ‘తిరుగుదాం’ అన్నాను. ఆయన నోరు తెరిచి, రూలు గుర్తొచ్చి, మూసుకుని చుక్కాని తిప్పాడు. వెనక్కి వెళ్ళి రెండో రేవులోనే పడుకున్నాం. గాలి తగ్గాక మళ్ళీ బయలుదేరి ఇక్కడికి వచ్చాం. జరిగింది అంతే. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక కప్పు పగిలింది.

ఇక అసలు వింత. నీ చివరి ఉత్తరాలు రెండూ మా అత్తగారికి ఫోనులో చదివాను. నవ్వుతుందనుకున్నాను. ఫోను పెట్టేసింది. మర్నాడు బస్సు స్టాండు నుంచి సంచీ పట్టుకుని తిన్నగా రేవులోకి దిగింది.

‘నువ్వేంటి ఇక్కడ?’ అన్నాడు ఆయన.

‘నా ఒంటికి పుళ్ళు పడ్డాయేమోనని ఎప్పుడైనా అడిగావురా నువ్వు?’

‘పడలేదు కదమ్మా!’

‘పడలేదు. అయినా ఆవిడ అడిగింది. ఎవరు? నేను పదిమందిలో ఎవరిమీద మాట తూలానో ఆ మనిషి. నా కోసం కాగితం నిండా కొట్లాడింది.’

‘అది పొరపాటున అత్తయ్యా...’ అన్నాను.

‘పొరపాటున కొట్లాడినా కొట్లాటే. పెద్దావిడ లేకుండా కదలొద్దంది కదా మీ అత్త? ఇదిగో, వచ్చాను. ఎక్కడ కూర్చోవాలి?’

నారింజరంగు లైఫ్ జాకెట్ తొడిగితే గుండీలు పెట్టనివ్వకుండా, మెడకి తలగడలా ఉందని మెచ్చుకుంది. రాత్రి పడవలోనే పడుకుంది. మమ్మల్ని బయట పడుకోమంది.

ఇప్పుడు ఇద్దరు పెద్దావిడలూ ఉన్నారు. నీ మాట చెల్లుతుందా, చెల్లదా? నువ్వే తీర్పు చెప్పు.

కట్టేసిన పడవ నుంచి,
నీ మేనకోడలు

జూన్ 3

పిల్లా,

తీర్పు చెప్తున్నాను. ఇద్దరు పెద్దావిడలనీ చూసి ఇచ్చేది కాదిది. ఆ మనిషి పడవెక్కిందన్నది విని నర్సు చప్పట్లు కొట్టింది, నేను కొట్టలేదు.

‘వెనక్కి తిరిగాం’ అన్న చోటు మళ్ళీ చదవమన్నాను. చదివింది. మళ్ళీ అన్నాను. మూడోసారికి ఆవిడే కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆ రోజు గోడ మీద నేను నిన్ను పిలుస్తూనే ఉన్నాను. నీకు గుర్తుందో లేదో. చివర ఏదో మెరుస్తోందని నడుచుకుంటూ పోయావు. తిరుగు, తిరుగు అని గొంతు చించుకున్నాను. నువ్వు తిరగలేదు. ఇన్నేళ్ళూ నా భయం నీళ్ళు కాదే. నువ్వు తిరగవని.

ఇప్పుడు రేవు కంటికి కనిపిస్తుండగా తిరిగావు. ఎవరూ పిలవకుండానే తిరిగావు. వెనక్కి తిరగడం తెలిసిన మనిషిని ఎక్కడికైనా పంపొచ్చు.

రా. పొరపాటున కాదు, మొత్తం విని, తెలిసి చెప్తున్నాను. రా.

మీ అత్తగారికి చలి గాలి తగలనివ్వకు. నేను అన్నానని చెప్పు. సరే, చెప్పు.

అత్త (వేలిముద్ర)

జూన్ 8, పోస్టుకార్డు

అత్తా, నీ ఉత్తరం అందింది. గాలి మెత్తగా ఉంది. అత్తగారు చుక్కాని పట్టుకుంటానని పేచీ. ఎర్ర గీతలన్నీ పటం మీదే ఉన్నాయి. ఈ వారంలోనే నీ గోడ దగ్గరికి వస్తాం. తాడు పట్టుకోవడానికి నువ్వే ఉండాలి. – నేను

జూన్ 21

పిల్లా,

మీరు బయలుదేరి వెళ్ళాక రాయిస్తున్నాను. ఈ ఉత్తరం మీ ఇంటికి మీకంటే ముందే చేరి గుమ్మంలో కాచుకోవాలని.

మీరు వచ్చిన రోజు నువ్వు పడవలోంచి చూసింది వేరు, నేను గోడ మీంచి చూసింది వేరు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాను. నర్సు డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చింది. దూరంగా తెల్లగా ఒక ముక్క కనిపించింది. నా కంటికి అది ఆరేసిన దుప్పటిలాగే ఉంది. ఎగిరిపోతుందనుకున్నాను. పోలేదు. పెరిగింది. పక్కన నారింజరంగు చుక్క ఒకటి. ఆ చుక్క చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తోంది. చెవి మిషను లేకుండానే వినపడింది. ఆవిడ గొంతుకి లిఫ్టు కాదు, ఓడలే ఆగుతాయి. ఆ మాట ఆవిడ మొహం మీదే అన్నాను. ‘నిజమే వదినా’ అంది. వదినా!

నువ్వు తాడు విసిరావు. నర్సు పట్టుకోబోతే పక్కకి నెట్టాను. తడి తాడు, లావుగా, జడలాగే ఉంది. ఆ రోజూ నీ జడ అంతే తడిగా ఉంది. లాగాను. నువ్వు వచ్చావు. పడవ మీద, నవ్వుతూ, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడి వచ్చావు.

మీరున్న వారంలో నీకు చెప్పనిది ఒకటుంది. మీరు బజారుకెళ్ళిన పూట మీ అత్తగారు నన్ను పడవలోకి దింపింది. కట్టేసి ఉన్న పడవే. అయినా ఊగింది. ఇద్దరం చెరో పక్కన కూర్చుని ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకున్నాం. ఎవరు ముందు పట్టుకున్నారన్నది తేలలేదు. ఆవిడేమో నేనంటుంది. అబద్ధం.

ఇక నిన్న. మీరు వెళ్ళేటప్పుడు తాడు ఎవరు విప్పాలని నువ్వు నా వైపు చూశావు. అడగలేదు, చూశావంతే. నేనే విప్పాను. ముడి మీ ఆయన వేసింది, గట్టిది, గోళ్ళు నొప్పి పుట్టాయి. విప్పి నీ చేతికే విసిరాను. పడవ కదిలింది. గోడ చివర దాటేటప్పుడు నువ్వు ఒకసారి వెనక్కి తిరిగి చూశావు. చాలు.

ఇంటికొచ్చి నర్సు టీ ఇస్తే అందుకున్నాను. సగం తాగాక ఆవిడే అంది, ‘బామ్మగారూ, కుడిచెయ్యి’ అని. చూసుకున్నాను. కుడిచేత్తోనే పట్టుకున్నాను.

చేరగానే రాయి. పెద్దావిడని అడిగానని చెప్పు. ఏ పెద్దావిడని అని అడగకు.

ఇట్లు
మీ అత్త

(ఈసారి వేలు చాలదన్నాను. సిరా మొత్తం పూయమన్నాను. కింద ఉన్నది నా కుడిచెయ్యి, అయిదు వేళ్ళూ చాచి.)